బాపమ్మకు మంచం పెట్టిన యేడు

మొన్న వానలు పడకముందు మా మెట్టినూరు సుల్తానాబాద్ వెళ్ళి వచ్చాను. మనుమరాలికి పుట్టువెంట్రుకలు తీస్తున్నాం, రాకపోతే ఇక నా ముఖం చూడకు అని మా మరిది ఫోన్లో బెదిరిస్తే, మోకాళ్ళు మొరాయిస్తున్నా బస్సెక్కాను. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుందామని వెనక్కి వెళ్తే, మగ్గాల షెడ్డులో ఒక మూల నూలు బస్తాల కింద టేకు మంచం కనబడింది. నులక ఎప్పుడో పోయింది, దాని జాగాలో చెక్క పలకలు కొట్టారు. కానీ ఆ మంచం కోళ్ళు నాకు తెలుసు. గుండ్రంగా చెక్కి, మధ్యలో గజ్జెల పట్టీలాగా గీతలు తీసినవి. మా బాపు, అంటే మా నాన్న, మా పుట్టింటి ఊరు ఖానాపూర్‌లో వడ్లాయన ముందర కూర్చుని మరీ చెక్కించాడు. మా మరిది కోడలు ముసిముసిగా నవ్వుతూ "మీ పెండ్లి మంచమా పెద్దత్తమ్మా?" అని అడిగింది. దాని మనసులో ఏముందో నాకు అర్థమైంది గానీ, ఆ మంచం మీద నేను ఒక్కనాడూ పడుకోలేదు. నా పెళ్ళికే వచ్చింది, కానీ నా కోసం రాలేదు. మా ఆయన బాపమ్మ కోసం, అంటే మా మామ తల్లి కోసం వచ్చింది.

ఈ సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే కట్టుకథ అంటారు. అన్ని ఊళ్ళలో ఉండేదో లేదో నాకూ తెలియదు, మా మెట్టినింటి వాడకట్టులో మాత్రం ఉండేది. మనుమడికి పెళ్ళయి, మనుమని పెళ్ళాం ఇంట్లో అడుగు పెట్టిందంటే, ఆ ఇంటి పెద్ద ముసలమ్మకు ఇక పని లేనట్టే. ఎవరి వయసు ఎంతో ఎవరికీ తెలియని కాలం. ఎవరైనా అడిగితే పెద్ద కరువుకు నేను పాకుతున్నానట అనో, ఏరు పొంగిన యేడు నాకు కొడుకు పుట్టాడనో చెప్పేవాళ్ళు. అందుకని ముసలితనం యేండ్లను బట్టి వచ్చేది కాదు, కొత్త కోడలిని బట్టి వచ్చేది. ఆ కోడలి పుట్టింటివాళ్ళే ఒక మంచం తేవాలి, కొత్త చీర పెట్టి ముసలమ్మను దాని మీద కూర్చోబెట్టాలి. దీనికి పేరు మంచం పెట్టుడు. ఆనాటి నుంచి ఆ ముసలమ్మ చేత చిన్న పని చేయించినా ఇంటి పరువు బజార్న పడ్డట్టే. అంటే ఏమిటి, నిటారుగా తిరుగుతున్న ఒక మనిషిని ముసలిదాన్ని చెయ్యడానికి నేను ఖానాపూర్ నుంచి మంచం వేసుకుని మరీ వచ్చానన్న మాట. పెళ్ళినాటికి నాకు ఇదేమీ తెలియదు. మా బాపు బట్టల దుకాణం నడిపేవాడు, మా ఇంట్లో మగ్గమే లేదు.

బాపమ్మ పేరు మల్లవ్వ. నేను వెళ్ళిన రోజుల్లో ఆమెను చూసి మా అత్తమ్మకు అక్క అనుకున్నాను. సన్నగా, పొడుగ్గా, గోచిపోసి కట్టిన చీరలో, అడుగు తీసి అడుగేస్తే నేల చప్పుడయ్యేట్టు నడిచేది. అప్పుడు కరెంటు మగ్గాలు ఎక్కడివి, అన్నీ గుంట మగ్గాలే. మగ్గానికి ఎక్కించే పొడుగు పోగులను పడుగు అంటాం. తెల్లవారగట్లనే ఆ పడుగును వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా కర్రల మీద చాపేవాళ్ళు. మగవాళ్ళు జొన్న గంజి పెట్టి కుంచెలతో దువ్వుకుంటూ పోతే, ఆడవాళ్ళు వాళ్ళ వెనకాలే అటొకరు ఇటొకరు నడుస్తూ, తెగిన పోగులు అతుకుతూ, అంటుకున్నవి విడదీస్తూ పోవాలి. గంజి ఎండేదాకా ఆ కొసకు పోవడం, ఈ కొసకు రావడం. ఎండ ఎక్కేలోపు ముగించాలి, లేకపోతే పోగులు పుటుక్కున తెగుతాయి. పులిసిన గంజి వాసన, దాంట్లో కలిపిన నూనె వాసన, పొయ్యి మీద జొన్నరొట్టెల వాసన అన్నీ కలిసి వీధంతా పరుచుకునేవి. ఇప్పటికీ ఎక్కడైనా గంజి వాసన తగిలితే నాకు రొట్టె తినబుద్ధవుతుంది. పెళ్ళయిన మూడోనాటి దాకా ఆ పడుగు వెంబడి అందరికంటే ముందు నడిచింది బాపమ్మే.

మూడోనాడు మంచం పెట్టారు. అరుగు మీద వేసి, కొత్త బొంత పరిచి, మా బాపు చీర పెట్టి దండం పెట్టాడు. వాడకట్టంతా వచ్చి కోళ్ళు తడిమి తడిమి చూసింది. బాపమ్మ కొత్త చీర కట్టుకుని మంచం మధ్యలో బాసిపట్ల వేసుకుని కూర్చుని, చుట్ట వెలిగించి, చుట్టూ ఒకసారి చూసింది.

"ఇగ నన్నెవ్వలు లేపకుండ్రి" అన్నది. "మా అత్త గీ అరుగు మీదనే రెండేండ్లు కూసున్నది. ఆమె కాళ్ళు ఒత్తి ఒత్తి నా చేతులు కాయలు కాసినయ్. ఇప్పుడు నా వంతు అచ్చింది."

అందరూ నవ్వారు, ఆమె మాత్రం నవ్వలేదు. ఉత్తమాట కాదది. చిన్నపిల్లగా ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ మంచం కోసమే ఎదురుచూసిన మనిషి. పనికి అలవాటు పడ్డ ప్రాణం, కూర్చోబెడితే ఊరుకోదు అని మనం అనుకుంటాం కదా, బాపమ్మ విషయంలో అది శుద్ధ అబద్ధం. కూర్చోవడం ఆమెకు మహా ఇష్టంగా ఉండేది. పొద్దున్నే ఇత్తడి గ్లాసులో చాయ, తర్వాత మెత్తగా చేసిన రొట్టె పాలలో పిసికి, మధ్యాహ్నం కోడిగుడ్డు, పొద్దుగూకితే ఆముదం రాసి నేను కాళ్ళు ఒత్తడం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎదురింటి లింగవ్వను చూపించి జాలిపడేది. లింగవ్వ, బాపమ్మ ఒకే ఎండాకాలంలో ఆ వాడకట్టుకు కోడళ్ళుగా వచ్చారు. కానీ లింగవ్వ మనుమడికి ఇంకా పెళ్ళి కాలేదు. "పాపం, లింగి అవుతలికీ ఇవుతలికీ ఎట్ల తిరుగుతుందో సూడు. దానికి ఇంక మంచం రాకపాయె" అని ఓ చుట్ట పీల్చేది.

వానాకాలం వచ్చేసరికి బాపమ్మ పాదాలు పొంగాయి. చలికాలం వచ్చేసరికి రెండు ముద్దలకే ముఖం తిప్పేసేది. పగలంతా కునుకు, రాత్రంతా మూలుగు. దర్వాజ దాకా వెళ్ళి రావడానికి ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. హకీం సాబ్ వచ్చి నాడి చూసి, తాఖత్ తగ్గింది, ఆరాం కావాలి అని ఏదో మాజూన్ లేహ్యం ఇచ్చి పోయాడు. ఇంకేం, ఉన్న ఆరాం చాలనట్టు ఇంకొంచెం ఆరాం ఇచ్చాం. నీళ్ళు మంచం దగ్గరకే, స్నానం మంచం పక్కనే. అయినా ఏం లాభం లేకపోయేసరికి అందరి చూపూ మంచం మీద పడింది. తల దక్షిణానికి ఉంది, తూర్పుకు తిప్పండి అన్నారు ఒకరు. తిప్పాం. తూర్పు వద్దు, పడమర అన్నారు ఇంకొకరు. అదీ తిప్పాం. నులక ఉల్టా అల్లారని విప్పి మళ్ళీ అల్లించారు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తే ఇల్లంతా దగ్గి చచ్చాం. బాపమ్మ మంచంతో పాటు మూడు దిక్కులకూ తిరిగింది గానీ, మంచం మీద నుంచి దిగి నాలుగడుగులు వెయ్యమని ఒక్కరూ అనలేదు. అంత ప్రేమ మాది.

మంచం నుంచి ఆ చూపు నా మీదికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? ఒకనాడు బావి దగ్గర కడవ నింపుతుంటే, నా వెనక ఇద్దరు ఆడవాళ్ళు గొంతు తగ్గించకుండానే మాట్లాడుకున్నారు.

"నిటారుగ నడిచే మనిషి. గా పిల్ల అచ్చినంకనే గిట్లాయె."

"కాలు మంచిది గాదు మరి. అడివి టేకట, ఏ చెట్టు నరికిండ్రో ఏమో."

మా అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ రొట్టెలు చేస్తూ, పొయ్యిలోకే చూస్తూ, "జర కొన్ని దినాలు ఖానాపూర్ పోయి రారాదూ" అన్నది ఒక పొద్దున. ఆ కొన్ని దినాలంటే ఏమిటో నాకు తెలుసు. మా పుట్టింటి పక్కనే ఒకామె అట్లా కొన్ని దినాలకని వచ్చి, తల నెరిసేదాకా అక్కడే ఉండిపోయింది. బాపమ్మ ఆ యేడు కన్ను మూసిందంటే ఆ మంచాన్నీ నన్నూ ఒకే బండిలో వేసి పంపించేస్తారు, అంతే. మా ఆయన మంచివాడే, నోట్లో నాలుక లేనివాడు. తల్లి మాటకు ఎదురు చెప్పి నన్ను ఉంచుకుంటాడన్న ఆశ నాకు లేదు.

ఆ పొద్దున పడుగు వెంట నడుస్తూ పోగులు అతుకుతుంటే కళ్ళల్లో నీళ్ళు నిండి పోగు కనబడలేదు. పడుగుకు అటువైపు నుంచి లింగవ్వ చూసింది. ఆమె వంగిన నడుము, పొట్టి మనిషి, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఏమైందే అని అడిగితే ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆమె పోగు మీద నుంచి చెయ్యి తియ్యకుండా అన్నది:

"మల్లికి ఏ రోగం లేదు బిడ్డా. కూసున్న రోగం. దాని అత్తకు గదే రోగం, నా అత్తకు గదే. మంచం మీద పెట్టిన రెండేండ్లకే ఇద్దరు పోయిండ్రు."

"మరి బాపమ్మకు చెప్పరాదు?"

"చెప్తే ఇంటదా? యేండ్ల సంది ఆ మంచం కోసమే సూసింది. దాన్ని నేను లేపుత గానీ నువ్వు నోరు మూస్కొని నాతోని నడువు."

లింగవ్వ ఏం చేసిందో చెప్పే ముందు ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో ముచ్చట్లన్నీ పడుగు వెంబడే నడిచేవి. ఆ కొసన మొదలైన మాట ఈ కొసకు వచ్చేసరికి ముగిసేది. మంచం మీద ఉన్నవాళ్ళకు తమ ముందు నుంచి పోయేటప్పుడు వినిపించే ముక్కే దక్కేది, ముందూ వెనకా ఉండేది కాదు. బాపమ్మకు మంచంతో వచ్చిన కష్టం ఏదైనా ఉందంటే అదొక్కటే. లింగవ్వ దాన్నే పట్టుకుంది. మర్నాడు మేమిద్దరం సరిగ్గా అరుగు ముందుకు వచ్చేసరికి గొంతు పెంచింది.

"వెనుక వాడకట్టు రాజన్న లేడా, పెండ్లాం సచ్చినోడు? మల్ల పెండ్లి జేస్కుంటడట. పిల్ల ఎవలో ఎర్కేనా?"

అని, అరుగు దాటాక గొంతు తగ్గించి ఉప్పూ పప్పూ గురించి మాట్లాడింది. రాజన్న బాపమ్మ ఈడువాడు. మంచం మీద నుంచి బాపమ్మ అరిచింది.

"ఏ ఊరి పిల్లనే లింగీ?"

లింగవ్వ వినిపించుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు అరుగు ముందు "గందుకే నేనన్న, గీ వయసుల గదేం బుద్ధి అని" అని ఒక ముక్క విసిరి, మళ్ళీ ముందుకు పోయింది.

"లింగీ, జర నిలబడి చెప్పరాదు?"

"నిలబడితే పోగులు ఎండుతయ్. నీకేం, ఆరాంగ కూసున్నవ్. మాకు పనున్నది."

రెండోనాడూ అంతే. నేను నవ్వు ఆపుకోలేక పడుగు కిందికి వంగి, తెగని పోగు వెతుక్కున్నాను. మూడోనాడు మేము అరుగు దాటి పదడుగులు వేశామో లేదో వెనకనుంచి చప్పుడయింది. చూస్తే బాపమ్మ. ఒక చేత్తో గోడ, ఒక చేత్తో నడుము పట్టుకుని, రొప్పుకుంటూ వస్తున్నది. మా మామ కుంచె అక్కడే పడేసి పరుగెత్తాడు.

"అవ్వా, ఇదేంది? నలుగురు సూస్తే ఏమంటరు? నిన్ను పనికి పెట్టిన అనుకుంటరు. నా ఇజ్జత్ పోతది."

"నేను పని చేస్తున్ననారా?" అన్నది బాపమ్మ. "లింగితోని ముచ్చట పెడుతున్న. మంచం పెట్టినంక ముచ్చట పెట్టద్దా?"

మా మామ వెనక్కి పోయి కుంచె అందుకున్నాడు. ఆనాడు బాపమ్మ వీధి సగం దాకా నడిచి, రెండిళ్ళ అరుగుల మీద కూలబడి, మధ్యాహ్నానికి గానీ ఇంటికి చేరలేదు. కానీ మర్నాడు మళ్ళీ లేచింది. మొదట్లో చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది, పని చేస్తున్నట్టు కనబడకూడదని. కొన్నాళ్ళకు మాట్లాడుతూ మాట్లాడుతూనే వేళ్ళు పోగు మీదికి వెళ్ళేవి, తెగింది అతికేవి. ఎవరైనా చూస్తే టక్కున వెనక్కి తీసుకునేది. లింగవ్వ కథ పెంచుతూ పోయింది. పెళ్ళికూతురు జగిత్యాలది అన్నది, కాదు మెట్‌పల్లిది అన్నది, కట్నంగా మేకల మందను తెస్తుందన్నది. పాపం రాజన్నకు ఇదేదీ తెలియదు. ఆయన మా వీధిలోంచి పోయినప్పుడల్లా బాపమ్మ కాలి గోటి నుంచి తలపాగా దాకా ఎగాదిగా చూస్తుంటే, ఎందుకో అర్థం కాక వడివడిగా నడిచిపోయేవాడు. ఎండాకాలానికి పాదాల పొంగు దిగింది. రొట్టె పాలలో పిసికితే, ఇదేంది పసిపిల్లనా అని విసుక్కుంది. నా ఖానాపూర్ ప్రయాణం మాట మా అత్తమ్మ మళ్ళీ ఎత్తలేదు. బాపమ్మ ఆ తర్వాత కొన్ని యేండ్లు నడిచింది.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో పొద్దున్నే గ్రౌండుకు వెళ్తాను. షుగరు ఉంది, డాక్టరు నడవమన్నాడు. నా ఈడు ఆడవాళ్ళంతా చీరల కింద తెల్ల బూట్లు వేసుకుని గుండ్రంగా తిరుగుతుంటారు. ఒకామె చేతి గడియారం ఎంత నడిచామో చెబుతుంది, అది చాలదన్నప్పుడు ఆమె ముఖం చిన్నబోతుంది. నేను ఒకరోజు బద్ధకించి పడుకుంటే మా కోడలు వచ్చి దుప్పటి లాగేస్తుంది. ఆ రోజుల్లో ముసలివాళ్ళను కూర్చోబెట్టడం ప్రేమ, ఇప్పుడు లేపి తరమడం ప్రేమ. నడిస్తేనే ఒళ్ళు నిలుస్తుందన్నది నిజమే, నా కళ్ళతో చూశాను, కాదనను. అయితే జీవితమంతా చేసిచేసి ఇక నేను కూర్చుంటానని ఒక మనిషి అంటే, ఆ కోరికలో తప్పేముంది? దుప్పటి లాగినప్పుడు నాకు కోపం వస్తుంది, ఆ కోపమూ నిజమే. ఆ కోపం వచ్చినప్పుడల్లా నాకు బాపమ్మ చెప్పిన మాట గుర్తొస్తుంది.

అది లింగవ్వ పోయిన యేడు. మనుమడి పెళ్ళి చూడకుండానే, పడుగు వెంట నడిచిన నాడే మధ్యాహ్నం రొట్టె తిని కళ్ళు మూసింది. దినాలయ్యాక ఒక మధ్యాహ్నం బాపమ్మ, నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాం. నా పిల్లలిద్దరూ ముందర దుమ్ములో ఆడుతున్నారు. లింగవ్వ ముచ్చట్లే తలుచుకుంటున్నాం. నవ్వుతూ అసలు సంగతి చెప్పేశాను.

"బాపమ్మా, గా రాజన్న పెండ్లి ముచ్చట అంత అబద్ధం. నిన్ను లేపుతందుకు లింగవ్వ, నేను కలిసి చేసినం."

ఆమె గింజ తీస్తూనే ఉంది.

"నాకెందుకు ఎర్క లేదు? రెండోనాడే రాజన్న కోడలు నిప్పుకు అచ్చింది, అడిగిన. పెండ్లి లేదు ఏం లేదు అన్నది."

"మరి మూడోనాడు ఎందుకు లేసినవ్?"

ఇంకో గింజ తీసి పక్కన పెట్టింది. తర్వాత నా వైపు చూడకుండా అన్నది.

"మంచం మీద ఉన్నోళ్ళకు చెవులు ఉండయనుకుంటరు అందరు. బావి కాడి నుంచి అచ్చేటోళ్ళు నా ముంగట్నుంచే గద పోవాలె. నీ కాలు మంచిది గాదని అనుకుంట పోయేటోళ్ళు. నేను గట్లనే పండుకొని సస్తే నిన్ను ఖానాపూర్‌ల దింపి వస్తుండిరి. గందుకు లేసిన."

నా చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. కాళ్ళు నొయ్యలేదా అని అడిగాను.

"నొచ్చినయ్. రోజూ నొచ్చినయ్. మంచం ఇడిసి లేవబుద్ధయ్యేది గాదు. నాకు కూసునుడే ఇష్టం బిడ్డా, ఇప్పటికీ ఇష్టమే." దుమ్ములో ఆడుతున్న నా పిల్లల వైపు చూసింది. "ఇప్పుడు నీకు ఇద్దరు పిల్లలైరి. ఇల్లంత నీ చేతులకు అచ్చింది. ఇగ నిన్నెవ్వలు ఏమనరు గద?"

"అనరు బాపమ్మా."

"అయితే రేపటి సంది నేను లేవ."

ఏదో చెప్పబోయాను. పడుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. మర్నాడు పొద్దున వీధిలో పడుగు చాపారు, గంజి వాసన లేచింది. మా మామ అరుగు వైపు చూసి, "అవ్వ ఇంక లేవలే? జర లేపరాదు" అన్నాడు. ఆమె ఒక పక్కకు ఒత్తిగిలి, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నది. నాకు కళ్ళు మసకబారాయి. వద్దు మామా, పండుకోనియ్యి అని, పడుగుకు ఆమె నడిచే వైపు కూడా నేనే నడిచాను.